నాలుగు గంటల గడి

పట్టుపురుగులు మూడో నిద్రకు కూర్చున్న రోజునే ప్రేమకు చలి పుట్టింది.

శ్రావణం వచ్చి నాలుగు రోజులైంది. ఎండ కాస్తూనే తుంపర పడుతోంది. పురుగుల ఇంట్లో అరల మీద సున్నం చల్లి, తలుపు చప్పుడు కాకుండా వేసి నేను బయటికి వచ్చేసరికి, ప్రేమ మెట్టు మీద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుని ఉంది. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

“ఏమే, ఏమాయె?”

“చలిగా ఉండాదక్కా. ఇంత ఎండలో యాడనించి వచ్చెనో ఇది.”

“మెల్లగా మాట్లాడు. లోపల నిద్రలో ఉండాయి.”

మనిషి అట్లా వణుకుతుంటే నేను అన్న మాట అది.

ప్రేమ మా మరిది మంజునాథ భార్య. నాకు యారాలు, అంటే తోడికోడలు. ఆమెకు యాభై ఏడు, నాకు డెబ్బై ఒకటి. కైవారకు రెండు మైళ్ళ దూరంలో మా ఊరు. ఒకే కప్పు కింద మా రెండు పొయ్యిలు వేరుపడి పదకొండేళ్ళయింది. పురుగుల ఇంటిని మాత్రం పంచుకోలేదు. పంచుకోవడం ఎవరికీ తెలియలేదు.

పట్టుపురుగు గూడు కట్టేలోపల నాలుగుసార్లు నిద్రపోతుంది. పాత పొర విడిచేందుకు ఆ నిద్ర. అప్పుడు ఆకు ముట్టదు. తల పైకెత్తుకుని, ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఆగిపోతుంది. ఆ ఒక్క రోజూ ఆకు వేయకూడదు, అర కదపకూడదు, చేత్తో తాకకూడదు. పదిహేనో ఏట నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు మా అత్త మొదట నేర్పిన పాఠం అదే. నిద్రపోయేదాన్ని లేపవద్దు. లేపితే అది బతకదు.

నేను చదవడం నేర్చుకున్నది కూడా ఆ ఇంట్లోనే. చిన్న పురుగుల తట్టల్లో పాత పేపర్లు పరిచేవాళ్ళం. ఒక తట్టలో కన్నడ పేపరు, ఇంకొక తట్టలో తెలుగు పేపరు. ఆకు తీసి శుభ్రం చేసేటప్పుడు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కునేదాన్ని. ఒక వార్తకు మొదలుంటే చివర ఉండేది కాదు. ఆ చివర ఏమై ఉంటుందో అనుకుంటూ పడుకునేదాన్ని. ఇప్పటికీ నాకు ఏది చదివినా చివర చిరిగిపోయి ఉంటుందేమోనని భయం.

చింతామణిలో సూది వేయించుకుని వచ్చాం. జ్వరం తగ్గలేదు. మూడో రోజు నడుములో నొప్పి ఎక్కువై ప్రేమ వంగిపోయింది. అప్పుడు చెప్పింది, వారం రోజులుగా ఒంటేలుకు పోతే మంటగా ఉందని. ఆమెకు షుగరు కూడా ఉంది. మల్బరీ కొమ్మలు కోసే రోజుల్లో ఇవన్నీ ఎవరికి చెబుతుంది. మా అబ్బాయి పురుషోత్తమ్ మమ్మల్ని కారులో చిక్కబళ్ళాపురానికి తీసుకుపోయాడు. ఆస్పత్రి పేరు ఎందుకులే. అక్కడ జరిగిన తప్పు నాది.

మంజునాథ పురుగులతో ఇంటి దగ్గర ఉండిపోయాడు. నేను ప్రేమతో ఉన్నాను. ఎవరూ నన్ను ఉండమనలేదు.

డాక్టరు నందీశ్ చిన్నవాడు. ప్రేమ వేలి గోరును నొక్కి, వదిలి, ఎరుపు తిరిగి వచ్చేదాకా చూశాడు. పొట్ట మీద, నడుము మీద మెల్లగా తట్టాడు. తరవాత ఆమె ముఖం మీదికి వంగి, ఊరికే పలకరించినట్టు అడిగాడు.

“మీ పేరేమమ్మా?”

“ప్రేమ.”

“ఇప్పుడు మనం యాడ ఉండాము?”

“చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో. అన్నంలో ఉప్పు వేయని చోట.”

“ఈమె ఎవురు?”

ప్రేమ నన్ను తేరిపార చూసింది. “మా యారాలు. నా సాంబారు పుల్లగా ఉండాదని పదకొండేండ్లుగా తినకుండా ఉండే ఆమె.”

పక్కన నిలుచున్న నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె పేరు నేత్ర. ఊరు బాగేపల్లి దగ్గర పరగోడు.

“ఇది కూడా రాసుకుంటావా తల్లీ?” అన్నాను.

“తెలివి బాగుండాదని రాస్తానవ్వా. సాంబారు సంగతి మీ ఇంట్లో చూసుకోండి.”

మంచం కాళ్ళ వైపు ఒక అట్టకు కాగితం తగిలించి ఉండేది. నేను దాన్ని చదివాను. అంకెలు ఏ భాషలోనైనా ఒకటే. ఊపిరి, నాడి, బీపీ, జ్వరం, ఆక్సిజన్, తెలివి. ఆరు వరసలు. పైన గంటలు. ఎనిమిది, పన్నెండు, నాలుగు. గంట కొట్టినట్టు నేత్ర వచ్చేది, చూసేది, అడిగేది, గడులు నింపిపోయేది. ఏ అంకె మారినా నేను లేచి ఆమె వెనక పోయేదాన్ని. నూట రెండు అంటే ఎక్కువా? నాడి నిన్న తొంభై కదా, ఈ రోజు నూట నాలుగు ఎందుకు?

“అవ్వా, నన్ను నిలబెట్టి పరీక్ష పెడతాండావు,” అంది ఒకసారి. నా భుజం పట్టుకుని మంచం పక్కకు తీసుకుపోయింది. “ఇట్ల చూడు. ఆమె కడుపు లేచి దిగితే ఒకటి. ఆ గడియారంలో పెద్ద ముల్లు ఒక గీత దాటేదాకా లెక్క పెట్టు. ఇరవై లోపలైతే నిమ్మళం. ఇరవై అయిదు దాటితే నన్ను పిలువు. నాడి వదిలేయ్, బీపీ వదిలేయ్. ఇదే నీ పని.”

నాకు ఒక పని దొరికింది. పద్దెనిమిది. ఇరవై. ఇరవై రెండు.

అప్పటి నుంచి మంచం పక్కన స్టూలు మీద నుంచి నేను లేచేదాన్ని కాదు. నా భర్త రామచంద్రప్ప చింతామణిలో పోయినప్పుడు నేను ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకురావడానికి కిందికి దిగాను. మా చెల్లెలు భాను గుడిబండెలో పోయినప్పుడు నేను బస్సులో ఉన్నాను, కొండ కనబడుతోంది, ఇంకొక పావుగంటలో దిగేదాన్ని. నేను పక్కన ఉండగా ఎవరూ పోలేదు. అందుకని, నేను ఇక్కడ కూర్చుని ఉన్నంతసేపూ ఈమె ఎక్కడికీ పోదని నాలో నేనే ఒక మాట అనుకున్నాను.

చేరిన మూడో రోజు మధ్యాహ్నం ప్రేమ రెండు చెంచాల పెరుగన్నం తింది. ఒంటి గంట దాటాక, “నిద్ర వస్తాండాదక్కా,” అంది. అప్పటికి మూడు రాత్రులుగా ఆమెకు కన్ను అంటలేదు. నుదురు తాకి చూశాను. చల్లగా ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది.

బయట వాన మొదలైంది. కిటికీలో కనిపించే నందికొండ మెల్లమెల్లగా మబ్బులో కరిగిపోయింది. మొదట శిఖరం, తరవాత నడుము, చివరికి కొండ ఉండిన చోటు. ఫ్యాను గాలికి పచ్చ తెర నిండుతూ ఖాళీ అవుతూ ఉంది. వార్డంతా నిద్రలో ఉంది. తెల్లటి దుప్పట్లు, వరసగా మంచాలు, దిండ్ల మీద పైకి లేచిన తలలు. చూస్తూ చూస్తూ ఉండగా నాకు అది మా పురుగుల ఇల్లే అనిపించింది. ఎవరో సున్నం చల్లిపోయారు. వీళ్ళంతా పాత చర్మం విడవడానికి పడుకున్నారు. రేపు పొద్దున ఒక్కొక్కరే లేస్తారు, కొత్తగా, ఆకలిగా. అప్పుడు మనం ఆకు వేస్తాం. ఊపిరి లెక్క మరిచిపోయి, పేపరు మడిచి ప్రేమకు విసురుతూ కూర్చున్నాను. అంత హాయిగా నేను ఆ మధ్య ఎప్పుడూ లేను.

నాలుగింటికి నేత్ర బండి తోసుకుంటూ వచ్చింది.

“అవ్వా, బీపీ చూడల్ల.”

నేను వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. “ఇప్పుడిప్పుడే కన్నంటినాది. మూడు రాత్రుల నిద్ర. జ్వరం కూడా విడిచినాది, కావల్లంటే తాకి చూడు. ఒక అర్ధగంట పోనీ తల్లీ.”

“లేపి పేరు అడగల్లవ్వా. లేపకుండా రాసేదానికి లేదు.”

“నీకు దండం పెడతా. లేపితే మళ్ళీ పట్టదు.”

పట్టీ చుట్టబోయిన ఆమె చేతిని నేను పట్టుకున్నాను. ఊరికే కాదు, గట్టిగా. నేత్ర ప్రేమను చూసింది, నన్ను చూసింది. అప్పుడే తలుపు దగ్గర ఎవరో కేకేశారు. నంది క్రాసు దగ్గర బండ్లు గుద్దుకున్నాయట, ముగ్గురిని తెచ్చారు.

“అర్ధగంట. మళ్ళీ వస్తా,” అని పోయింది.

ఆమె పోయాక నాకు గెలిచినట్టు ఉండింది.

అర్ధగంట దాటింది. గంట దాటింది. వార్డుకు అటువైపు పరుగులు, ఏడుపులు, చక్రాల చప్పుడు. మా వైపు వాన చప్పుడు ఒక్కటే. నేను విసురుతూ విసురుతూ ఆ చప్పుడు వింటున్నాను. సన్నగా, ఎడతెగకుండా, ఆకుల మీద తుంపర పడినట్టు. మేపు మీద ఉన్న పురుగులు ఆకు కొరుకుతుంటే అచ్చం ఇలాగే ఉంటుంది. అరల మధ్య నిలుచుంటే బయట వాన వచ్చిందా అని చూడబుద్ధేస్తుంది.

కిటికీలోకి చూశాను. వాన ఎప్పుడో వెలిసింది. కొండ తిరిగి వచ్చి ఉంది.

చప్పుడు మాత్రం ఉంది.

యాభై ఏళ్ళకు పైగా నేను నిద్రపోయే పురుగుల పక్కన నిలుచున్నాను. నిద్రలో ఉన్న అర చప్పుడు చేయదు. అది మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

విసరడం ఆపి ప్రేమ మీదికి వంగాను. ఆ చప్పుడు ఆమె ఊపిరి. చిన్నగా, తొందర తొందరగా, పైపైనే. గడియారం చూసి లెక్కపెట్టాను. ముప్పై ఆరు. తప్పు లెక్క అనుకుని మళ్ళీ పెట్టాను. ముప్పై ఎనిమిది. దుప్పటి తీసి పాదాలు పట్టుకున్నాను. నుదురు ఒక్కటే కాదు, మోకాళ్ళ దాకా చల్లగా ఉంది. బావి గట్టు మీద రాయి అంత చల్లగా.

“ప్రేమా. ప్రేమా.”

భుజం కుదిపితే కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు నన్ను దాటి ఎక్కడో చూస్తున్నాయి.

“నేనెవురే?”

చాలాసేపటికి పెదవులు కదిలాయి. “ఆకు వేసినావా?” అంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నేను స్టూలు మీద నుంచి లేచాను. ఆ లెక్క పని దొరికాక నా అంతట నేను లేచింది అదే మొదటిసారి. డెబ్బై ఒక్క ఏళ్ళ మోకాళ్ళతో ఆ వరండా అంతా ఎట్లా పరిగెత్తానో నాకు గుర్తులేదు. గుర్తున్నది నేత్ర ముఖం ఒక్కటే. నేను “ముప్పై ఎనిమిది” అన్నాను, అంతే. ఆమె చేతిలోని దూది కిందపడింది.

తరవాత అన్నీ ఒక్కసారిగా జరిగాయి. బీపీ ఎనభై. ముక్కుకు ఆక్సిజన్. రెండు చేతులకూ రెండు సెలైన్లు, పిండినట్టు పోతున్నాయి. రక్తం తీశారు, కొత్త మందు ఎక్కించారు, మూత్రానికి గొట్టం వేశారు. సంచిలోకి నాలుగు చుక్కలు దిగాయి, చింతపండు రసం రంగులో. మూత్రంలోని చీము రక్తంలోకి ఎక్కిందని, ఐసీయూకు మార్చాలని డాక్టరు నందీశ్ చెప్పాడు. మంచాన్నే తోసుకుపోయారు. నేను దాని వెనక నడిచాను. తలుపు దగ్గర నన్ను ఆపేశారు.

కొంతసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు. చేతిలో ఆ అట్ట ఉంది. నేత్ర గోడ పక్కన నిలుచుని ఉంది.

“నాలుగు గంటల గడి ఖాళీగా ఉండాది,” అన్నాడు. గొంతు పెంచలేదు. “ఏమాయె సిస్టర్?”

నేత్ర తల వంచుకుంది. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆ పిల్ల నోరు విప్పదని నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. ప్రమాదం కేసులు వచ్చాయి సార్ అంటుంది, మాట పడుతుంది, ఇంటికి పోతుంది. ఈ అవ్వ ఎవరో ఎవరికీ అక్కర్లేదు. నేను గోడ మీద పల్లీ రంగు మరకను చూస్తూ నిలుచున్నాను. అది ఎంతసేపో నాకు తెలుసు. మూడు ఊపిరులు.

“నేను వద్దంటిని సార్,” అన్నాను. “ఆమె చెయ్యి పట్టుకుంటిని. నిద్రపోతాండాదని.”

డాక్టరు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “వద్దనేవాళ్ళు దినామూ ఉంటారు సిస్టర్. లేపల్ల,” అని ఆమెతో అన్నాడు. తరవాత నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి తానూ పక్కన కూర్చున్నాడు. “అమ్మా, నిద్రకు, తెలివి తగ్గిపోయేదానికి చూస్తే తేడా తెలీదు. మాకూ తెలీదు. లేపితేనే తెలిసేది. అందుకే లేపేది.”

“నేను పక్కనే ఉంటిని సార్.”

“ఉండావు కాబట్టే లెక్క పెట్టినావు,” అన్నాడు. ఆయన మంచి మాటే అన్నాడు. నేను దాన్ని తీసుకోలేకపోయాను.

ఐసీయూ బయట నాలుగు రోజులు గడిచాయి. పగటిపూట ఒకసారి, అయిదు నిమిషాలు లోపలికి వదిలేవారు. ప్రేమ ముఖానికి మాస్కు ఉండేది. నేను చెవి దగ్గర నోరు పెట్టి నేనెవరినని అడిగేదాన్ని. జవాబు ఉండేది కాదు. మంజునాథ ఊరి నుంచి బస్సులో వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చునేవాడు. జరిగింది అతనికి చెప్పాను. చాలాసేపు చేతుల మధ్య టోపీని తిప్పుతూ ఉన్నాడు.

“పురుగులు నాలుగో నిద్ర లేచినాయి వదినా,” అన్నాడు చివరికి. “అన్నీ ఒకేసారి. ఆకు వేసి వచ్చినా.”

మూత్రం గంటకు నలభై దాటితే కిడ్నీలు నిలదొక్కుకున్నట్టేనని డాక్టరు చెప్పాడు. ఇక మాకు అదే లోకం. నేత్ర ఐసీయూ మనిషి కాదు. అయినా డ్యూటీ దిగాక లోపలికి తొంగిచూసి వచ్చి మాకు అంకె చెప్పి పోయేది. పదిహేను. పన్నెండు. ఇరవై. నాతో వేరే మాట మాట్లాడేది కాదు. మూడో రోజు ముప్పై అంది. నాలుగో రోజు పొద్దున వరండా చివరి నుంచే అయిదు వేళ్ళు చూపించి, తరవాత ఒక వేలు కలిపింది.

“అరవయ్యా?” అన్నాడు మంజునాథ లేచి నిలబడి. కళ్ళు తుడుచుకున్నాడు. “కట్టుకున్న ముప్పై ఏండ్లలో దీని ఒంటేలు కోసరం కైవార తాతయ్యకు మొక్కుకుంటానని నేననుకోలేదు వదినా.”

నవ్వు వచ్చింది మా ఇద్దరికీ. నవ్వు ఆపడం నాకు చేతకాలేదు. నేత్ర వచ్చి పక్కన కూర్చుని, నా వీపు మీద చెయ్యి వేసింది. నా చేతి మీద కాదు. వీపు మీద.

ఆ మధ్యాహ్నం లోపలికి పోయాను. మాస్కు తీసేసి ఉన్నారు. ప్రేమ కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తోంది. నేనేమీ అడగలేదు. ఆమే తల తిప్పింది.

“ఏమక్కా, ఈ పొద్దు ఏమీ అడగవా?”

ఇంటికి వచ్చేసరికి పంట అయిపోయింది. పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికల నుంచి వాటిని విడిపించి మార్కెట్టుకు పంపేశారు. అరలు కడిగి ఎండలో పెట్టారు. ప్రేమకు ఉప్పు తక్కువ, కారం తక్కువ వండాలని డాక్టరు రాసిచ్చాడు. ఆమె పొయ్యి దగ్గర నిలుచోలేదు కాబట్టి నేను వండాను. ఆమెకు, మంజునాథకు, మా పురుషోత్తమ్‌కు, నాకు వేర్వేరుగా వండడం కుదరదు కదా. రెండో పొయ్యి అట్లా ఆగిపోయింది.

నేను మాత్రం మారిపోయాను. ప్రేమ కాస్త కునుకు తీస్తే చాలు, నా కాళ్ళు అటే పోయేవి. కడుపు లేచిందా, దిగిందా. ఇరవై లోపలేనా. భుజం తట్టి “ప్రేమా” అనేదాన్ని. విసుక్కునేది. “పోక్కా, ఉండానులే,” అని గోడ వైపు తిరిగేది.

భాద్రపదం నడుమ కొత్త పంట వేశాం. పురుగులు మొదటి నిద్రకు కూర్చున్నాయి. మేమిద్దరం పురుగుల ఇంటి మెట్టు మీద, ఆమె చలితో వణికిన చోటే, కూర్చుని ఉన్నాం. లోపల చప్పుడు లేదు. ఎదురుగా మల్బరీ చేను మీద మధ్యాహ్నపు ఎండ నిలబడిపోయి ఉంది. అప్పుడు చెప్పాను. నాలుగు గంటలకు నర్సు వచ్చిందని, చెయ్యి పట్టుకుని ఆపానని, గంటంబావు సేపు ఆమెను అట్లాగే వదిలేసి విసురుతూ కూర్చున్నానని.

ప్రేమ కొంగుతో మెడ తుడుచుకుంది.

“తెలుసు,” అంది.

“ఎవురు చెప్పిరి? నేత్రా?”

“ఎవురూ చెప్పలే. ఇనబడె. నీ మాటా ఇనబడె, ఆ పిల్ల మాటా ఇనబడె. నువ్వు దండం పెడతా అంటివి.”

ఆమె చేను వైపే చూస్తూ మెల్లగా, కల చెబుతున్నట్టు చెప్పింది.

“పలకల్లంటే నోరు రాలే. ఏదో నీళ్ళ కింద ఉండినట్ల. నొప్పి లే, చలి లే. నీ గాలి తగల్తా ఉండె. అంత సుఖం నాకు ఎప్పుడూ లేదక్కా. ఆ పిల్ల లేపకుండా పోతే చాలు అనుకుంటి. నువ్వు పంపిస్తివి. మా అక్క మంచిది అనుకుంటి.”

“అట్ల అనొద్దు.”

“ఉండేది చెప్తాండా. మళ్ళీ నువ్వే కుదిపితివి. ఎంత కోపమొచ్చెనో నీ మీద.”

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె చేతిని నా ఒళ్ళో పెట్టుకుని, వేలి గోరు నొక్కి వదిలాను. ఎరుపు వెంటనే వచ్చేసింది. లోపల వేలకొద్దీ తలలు పైకెత్తుకుని, కదలకుండా వింటున్నాయి.

కొంతసేపటికి ప్రేమ లేచింది. వరండాలోని మంచం మీద పడుకుని, మోకాళ్ళు ముడుచుకుని, దుప్పటి మెడ దాకా లాక్కుంది. కళ్ళు మూసుకుంది. నేను స్టూలు జరుపుకుని పక్కన కూర్చున్నాను. ఇక లేపకూడదు, ఊరికే లేపి ఏడిపించకూడదు అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

“అక్కా,” అంది, కళ్ళు తెరవకుండానే.

“ఊ.”

“నాలుగింటికి లేపు.”